అన్సెల్మో కాళ్ళ తాడు

మనీలాకి ఉత్తరాన, అరాయత్ కొండ పక్కనున్న తలాహిబన్‌లో దివీనా వాళ్ళింట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా పుచ్చుకోరు. ఊరికి దూరంగా, చిత్తడి మొదలయ్యే చోట, మనిషెత్తు రెల్లుగడ్డి మధ్య ఉంటుంది ఆ ఇల్లు. అక్కడికి ఒకటే కాలిబాట. చేపలకి పోయేవాళ్ళూ, గడ్డికి పోయేవాళ్ళూ ఆ బాటనే పోవాలి. ఆ ఇంటి ముందుకి వచ్చేసరికి మాత్రం మాటలు ఆగిపోతాయి, అడుగులు జోరందుకుంటాయి. పిల్లలైతే ఊపిరి బిగబట్టి పరుగు తీస్తారు. దివీనా ముత్తవ్వ ఇస్కా అస్వాంగ్ మరి. పగలు అందరిలాంటి ఆడమనిషే. చీకటి పడితే రెక్కలు మొలిచి, ఇళ్ళ కప్పుల మీద వాలి, మనుషుల నెత్తురు తాగే రకం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అయితేనేం, ఆ గుణం తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగుతూనే ఉంటుందని ఊరి నమ్మకం.

ఇస్కా తాగింది రియాలిన్ వాళ్ళ తాతగారి అన్న నెత్తురు.

ఆ కథ రియాలిన్ పుట్టినప్పటి నుంచీ వింటోంది. ఏటా నవంబరు మొదటి తేదీన అందరూ శ్మశానంలో సమాధులు కడిగి, కొవ్వొత్తులు వెలిగించి, చాపలు పరుచుకుని కూర్చుంటారు కదా, అప్పుడు తాత సెవెరినో చెప్పేవాడు. పిల్లలు అతన్ని లోలో అని పిలిచేవాళ్ళు. లోలో ఎక్కడ గొంతు తగ్గిస్తాడో, ఎక్కడ ఆగి బీడీ ముట్టించుకుంటాడో వాళ్ళకి కంఠతా వచ్చు. అందుకే, పదో తరగతిలో సోషల్ చెప్పే మకరాయిగ్ సార్, "పుస్తకంలో ఉన్నది పరీక్షకి పనికొస్తుంది. పుస్తకంలో లేనిది, మీ ఊళ్ళో జరిగింది, ఒక్కటి పెద్దవాళ్ళనడిగి తెలుసుకుని రండి. క్లాసులో చెబుదురుగాని," అన్నప్పుడు రియాలిన్‌కి వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఆగస్టు నెల. బడి ఆవరణలో పిక్కల్లోతు నీళ్ళు. పిల్లలు చెప్పులు చేతబట్టుకుని క్లాసులోకి వచ్చి, కిటికీ గట్టు మీద ఆరబెట్టుకున్నారు. మొదట డెన్సియో లేచాడు. ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని నవ్వించందే ఊరుకోడు వాడు.

"సార్, జపానువాళ్ళు పారిపోతూ బంగారం పాతిపెట్టిన చోటు మా తాతకి తెలుసు సార్."

"ఎక్కడట?"

"అడిగితే ముందు సిగరెట్టు తెమ్మంటాడు సార్. తెచ్చిస్తే కాల్చేసి నిద్రపోతాడు."

క్లాసంతా ఘొల్లుమంది. సార్ కూడా నవ్వాడు. తర్వాత రియాలిన్ వంతు వచ్చింది.

ఆమెకి మాట్లాడ్డం వచ్చు. వక్తృత్వపు పోటీల్లో రెండుసార్లు బహుమతి తెచ్చుకున్న పిల్ల. లోలో లాగే గొంతు తగ్గించి మొదలుపెట్టింది. అన్సెల్మోకి ఇరవై రెండేళ్ళు. కొత్తగా పెళ్ళి కుదిరింది. పొలానికి నీళ్ళు పెట్టొస్తానని వెళ్ళినవాడు తెల్లారినా రాలేదు. చిత్తడికి పోయే బాట చీలే చోట కనిపించాడు. మెడ మీద పక్కపక్కనే రెండు బెజ్జాలు. ఒళ్ళు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. చుట్టుపక్కల గడ్డి మీద గాని, చొక్కా మీద గాని నెత్తుటి చుక్క లేదు.

"ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు," అని ముగించింది.

ఇస్కా పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. నలభై తలలు ఒక్కసారి వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడ దివీనా పెన్సిలు చెక్కుకుంటోంది. చెక్కుతూనే ఉంది. ఎవరో నాలుకతో టిక్, టిక్ మని చప్పుడు చేశారు. అస్వాంగ్‌కి ముందు ఒక పిట్ట అలా కూస్తూ వస్తుందంటారు. గట్టిగా వినిపిస్తే దూరాన ఉన్నట్టు, సన్నగా వినిపిస్తే దగ్గరికి వచ్చేసినట్టు. చేసినవాడు తెలివిగా చాలా సన్నగా చేశాడు.

మకరాయిగ్ సార్ వాణ్ణి తిట్టలేదు. రియాలిన్ వైపే చూస్తున్నాడు.

"ఇది ఏ ఏడు జరిగింది?"

"లోలోకి అప్పుడు ఎనిమిదేళ్ళు సార్. ఇప్పుడు డెబ్భై అయిదు."

"అప్పుడు మీ ఊళ్ళో సైనికులు ఉండేవాళ్ళా?"

"తెలీదు సార్."

"అన్సెల్మో రాత్రిళ్ళు ఇంకెక్కడికైనా వెళ్ళేవాడా? అరాయత్ కొండ మీదికి?"

రియాలిన్ కథంతా మనసులో తిరగేసింది. కొండ మాట కథలో ఎప్పుడూ లేదు.

సార్ సుద్దముక్క కింద పెట్టాడు. "హుక్‌ల గురించి పుస్తకంలో నాలుగు లైన్లున్నాయి. జపానువాళ్ళ మీద పోరాడిన రైతులు. యుద్ధం అయ్యాక భూస్వాములు మళ్ళీ పాత కౌలే అడిగితే, తుపాకులు దించకుండా కొండెక్కారు. వాళ్ళని పట్టుకోలేక సైన్యం కొన్నిచోట్ల ఒక పన్నాగం పన్నింది. ముందు ఊళ్ళోకి మనుషుల్ని పంపి, ఇక్కడ అస్వాంగ్ తిరుగుతోందని పుకారు పుట్టించడం. తర్వాత చీకట్లో బాట పక్కన మాటువేసి, వరసగా పోతున్నవాళ్ళలో ఆఖరివాణ్ణి చప్పుడు కాకుండా లాక్కోవడం. మెడకి రెండు బెజ్జాలు పొడిచి, తలకిందులుగా వేలాడదీసి, నెత్తురంతా కారిపోయాక తెచ్చి అదే బాట మీద పడెయ్యడం. మర్నాటికి ఆ చుట్టుపక్కల హుక్‌లు ఒక్కరూ ఉండేవారు కాదు. ఇది నేను కల్పించింది కాదమ్మా. చేయించినవాళ్ళే తర్వాత గొప్పగా చెప్పుకున్నారు."

చెక్కుతున్న పెన్సిలు చప్పుడు ఆగిపోయింది. రియాలిన్ తల తిప్పి చూసింది. దివీనా ఆమెనే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఎప్పటి నుంచో తెలిసిన సంగతి ఇంకొకరి నోట విన్నట్టు ఉంది.

ఇంటికి పోతూ రియాలిన్ మొదటిసారి ఆ గుర్తులు చూసింది. పొలం గట్టు మీద వాన వెలిసిన బురదలో, అరచేతుల అచ్చులు. కుడిది, ఎడమది, కుడిది, ఎడమది, మనిషి అడుగు వేసినంత ఎడంలో. వేళ్ళు బాగా లోతుగా దిగాయి, ఒంటి బరువంతా చేతుల మీదే మోపినట్టు. కాలి గుర్తు ఒక్కటీ లేదు. ఎవడో కోతివెధవ చేతుల మీద నడిచి పందెం గెలిచి ఉంటాడనుకుంది. కానీ గట్టు అయిపోయింది, గుర్తులు అవలేదు. బాట చీలే చోటు దాకా వెళ్ళి, అక్కడ గుంపుగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

లోలో అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. రియాలిన్ పెద్దవాళ్ళకి దణ్ణం పెట్టే పద్ధతిలో అతని చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంది.

"లోలో, అన్సెల్మో తాత పోయినప్పుడు మన ఊళ్ళో సైనికులున్నారా?"

"రైస్ మిల్లులో దిగారు. నాకు బిస్కెట్లు కూడా పెట్టారు. అయితే ఏంటి?"

"ఆయన కొండ మీదికి వెళ్ళేవాడా?"

వల అల్లుతున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారే నీకు?"

ఆమె సార్ చెప్పినదంతా చెప్పింది. లోలో చివరిదాకా విన్నాడు. విన్నాక, ఆమె పుట్టాక ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచాడు.

"నెత్తురు లేకుండా పడున్న మనిషిని నేను కళ్ళారా చూశానే! మీ సారు చూశాడా? ఎక్కడో పట్నంలో పుట్టి, మోటారుసైకిలేసుకొచ్చి, మా ఇంట్లో చచ్చినవాడి గురించి మాకు చెబుతాడా? ఇస్కాయే. ఇంకోసారి ఆ మాట నా ముందు అనకు."

లోపల్నుంచి అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ పూట లోలో అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున, పెరట్లో నీళ్ళ పంపు దగ్గర అమ్మ తమ్ముణ్ణి చెవి పట్టుకుని ఆడిస్తోంది.

"ఒరేయ్ తోకలేని కోతీ, చేతులతో నడవడం ఎప్పట్నుంచి రా? బురదంతా తొక్కావు కదరా!"

"నేను కాదమ్మా! ఒట్టు! చూడు, నా చెయ్యి ఇంతే ఉంది!"

వాడు ఏడుస్తూ తన చిన్నచెయ్యి పంపు పక్క బురదలో పడ్డ అరచేతి అచ్చులో పెట్టి చూపించాడు. ఆ గుంటలో వాడి చెయ్యి మునిగిపోయింది. రియాలిన్ వంగి చూసింది. పెద్ద మగవాడి చెయ్యి. కుడిచేతి చూపుడువేలు మిగతావాటికంటే పొట్టిగా, ఒక కణుపు తక్కువగా ఉంది. ఆమె మాట్లాడకుండా బకెట్టు నీళ్ళు పోసి ఆ గుర్తుల్ని చెరిపేసింది.

ఆ రోజు దివీనా బడికి రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. ఎవరో ఆమె బెంచీ మీద, అస్వాంగ్‌ని దగ్గరికి రానివ్వవనే వెల్లుల్లిపాయలు వరసగా పేర్చారు. డెన్సియో ఒకటి తీసి జేబులో వేసుకుంటూ, "మా అమ్మ వంటకి పనికొస్తుంది," అన్నాడు. ఎప్పట్లా ఎవరూ నవ్వలేదు. రియాలిన్ మిగతావన్నీ ఊడ్చి కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేసింది. మధ్యాహ్నం బడి వదిలాక ఇంటికి పోకుండా చిత్తడి బాట పట్టింది.

ఆ ఇంటి దగ్గర ఊపిరి బిగబట్టడం చిన్నప్పటి అలవాటు. ఆ రోజూ తెలియకుండానే బిగబట్టింది. గుమ్మంలో దివీనా నిలబడి ఉంది.

"ఏంటీ, నా కథ చెప్పి ఎన్ని మార్కులు కొట్టేశావు? ఇంకా కావాలా? లోపలికి రా, పళ్ళు చూపిస్తా."

"దివీనా, నేను..."

"భయమేస్తే పో. దారి అటుంది."

"ఎవరే అది?" అని లోపల్నుంచి ముసలి గొంతు. "వానలో నిలబెట్టి మాట్లాడతావేంటే, బుద్ధిలేనిదానా. రానీ."

దివీనా అమ్మమ్మ ఆవిడ, పిల్లల పిలుపులో లోలా. పేరు హొసెఫీనా. ఊళ్ళో ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఇస్కా కూతురు అంటారు, అంతే. చిన్న మనిషి. వెదురు మంచం మీద కూర్చుని అరిటాకుల్లో కొబ్బరిపాల బంకన్నం చుడుతోంది. రియాలిన్ కాసేపు తటపటాయించి, దగ్గరికి వెళ్ళి ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకుంది. ఆ చెయ్యి వెచ్చగా, కొబ్బరి వాసనతో ఉంది. ముసలావిడ తన చెయ్యినే ఒకసారి తిప్పి చూసుకుంది. బయటివాళ్ళెవరూ అలా చేసి ఉండరు.

"సెవెరినో మనవరాలివి కదూ. అదే ముక్కు." ఒక పొట్లం విప్పి ముందుకి జరిపింది. "తిను."

రియాలిన్ చెయ్యి కదల్లేదు. మనసులో తిందామనే ఉంది. చెయ్యే కదల్లేదు.

"చూశావా లోలా?" దివీనా నవ్వింది. "చరిత్ర పాఠం తెలుసుగానీ అన్నం ముద్ద ముట్టుకోదు."

రియాలిన్ ఒళ్ళు మండి పొట్లం అందుకుని, ఇంత ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు కాస్త ఎక్కువైంది. అంతకుమించి ఏమీ లేదు.

"మీ అమ్మగారు అస్వాంగ్ కాదని చెబుదామని వచ్చాను," అంది నమిలి మింగాక.

ముసలావిడ ఆకు చుట్టడం మానలేదు. "మా అమ్మ ఏంటో నాకు నువ్వు చెప్పాలా తల్లీ? ఆవిడ మంత్రసాని. ఆ వేళ పక్క ఊళ్ళో పురుడు పోసి తెల్లవారుజామున ఈ బాటనే వస్తోంది. మామిడిచెట్టు కింద లాంతరు వెలుగు. బూట్ల కాళ్ళు. కొమ్మకి ఒక మనిషి తలకిందులుగా. ఆవిడ గడ్డిలో చతికిలబడిపోయింది. ఆ మనిషికి ఇంకా ప్రాణం ఉంది. కళ్ళు సరిగ్గా ఆవిడ ఉన్నవైపే ఉన్నాయి. 'ఇస్కా, కాళ్ళు విప్పు,' అన్నాడట. గొంతు లేదు, పెదాలు మాత్రం కదిలాయి. 'ఇస్కా, కాళ్ళు విప్పు.' ఆవిడ తన నోరు తనే గట్టిగా మూసుకుని కూర్చుంది. ఏం చెయ్యగలదు?"

ముసలావిడ ఇంకో అరిటాకు అందుకుంది.

"పొద్దున్నే వెళ్ళి అన్సెల్మో తల్లికి చెప్పింది, చూసింది చూసినట్టు. అప్పటికే సైనికులు దిగిన మిల్లు కాపలావాడు ఇల్లిల్లూ తిరిగి, ఇస్కా రాత్రి ఎగురుతుంటే చూశానని చెప్పేశాడు. శవం దొరక్కముందే పేరు పెట్టేశారు. అస్వాంగ్ మాట ఎవరు నమ్ముతారే? సాయంత్రానికి మా ఇల్లు కాలిపోయింది. నేను అప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను."

"ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు లోలా?"

"ఎవరికి? నా పడుచుతనంలో దేశమంతా కర్ఫ్యూ పెట్టారు చూడు, అప్పుడు మళ్ళీ సైనికులొచ్చి ఊళ్ళో కుర్రాళ్ళని పట్టుకుపోయారు. మా ఇంటి ముందు మాత్రం బండి ఆపకుండా పోయారు. ఏ మాట వాళ్ళ పెద్దలు పుట్టించారో ఆ మాటని వాళ్ళే నమ్మారు." ఆవిడ చిన్నగా నవ్వింది. "ఊరు మమ్మల్ని వెలేసింది నిజమే. ఆ పేరే మాకు కంచె కూడా అయింది."

దివీనా గోడకి ఆనుకుని నిలబడి, గోళ్ళు చూసుకుంటూ అడిగింది, "చేతులు కనిపించాయా నీకు?"

రియాలిన్ పొట్లం కింద పెట్టేసింది.

"మా వాకిట్లో ఏటా వానాకాలం కనిపిస్తాయి," అంది దివీనా, వంట సంగతి చెప్పినంత మామూలుగా. "కాళ్ళు కట్టేసి ఉంటే మనిషి మరి దేనితో నడుస్తాడు? ఏటా నవంబరులో ఆ చీలిక దగ్గర ఆయనకి అన్నం పెడతాం. మీరు శ్మశానంలో పెడతారు కదా, ఆయన అక్కడ లేడు. పళ్ళెం నేల మీదే పెట్టాలి. ఆయన నోరు నేలకే కదా దగ్గర."

"ఈ ఏడు ముందే తిరుగుతున్నాడు," అంది ముసలావిడ. "ఎవరో పేరు పెట్టి పిలిచి కథ చెప్పారు కదా."

రియాలిన్ బయల్దేరేటప్పటికి వెలుగు తగ్గుతోంది. వాన వెలిసింది. బాటకి రెండు పక్కలా రెల్లు తడిసి వంగి, ఆకులు ఆమె భుజాలకి రాసుకుంటున్నాయి. కొంత దూరం వచ్చాక వెనక చప్పుడు వినిపించింది. చప్. చప్. తడి బురద మీద అరచెయ్యి ఆనించి ఎత్తితే వచ్చే చప్పుడు. ఆమె ఆగింది. అది ఆగింది. ఆమె నడిచింది. చప్. చప్. చప్పుడు ఆమె మోకాళ్ళ ఎత్తుకంటే పైకి రావడంలేదు. మనిషి మొహం ఉండవలసిన ఎత్తులో ఏమీ లేదు. ఊపిరి మాత్రం కిందనించి, ఆమె మడమల దగ్గరనించి వినిపిస్తోంది, నోట్లో నీళ్ళు నిండినవాడు గాలి పీల్చుకుంటున్నట్టు.

"తప్పుకోండి బాబూ, మా దారిన మేం పోతున్నాం," అంది రియాలిన్. చిన్నప్పటి నుంచీ పుట్టల దగ్గరా పొదల దగ్గరా కంటికి కనపడనివాళ్ళతో అనే మాటే. వెనక్కి తిరగలేదు. పరిగెత్తలేదు. పరిగెడితే అదీ పరిగెడుతుందని తోచింది. ఇంటి మెట్లెక్కి తలుపు గడియ పెట్టాక గానీ ఆమెకి ఏడుపు రాలేదు.

తెల్లవారి లోలో అందరికంటే ముందు లేచి మెట్లు దిగాడు. ఎంతకీ తిరిగి రాకపోతే రియాలిన్ వెళ్ళి చూసింది. అతను ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. మెట్టు కింద బురదలో రెండు అరచేతులు, పైకెక్కలేక ఆగిపోయినట్టు పక్కపక్కన. ముసలాయన చూపుడువేలితో ఆ పొట్టి వేలి గుంటని మెల్లగా తడుముతున్నాడు.

"కొడవలికి తెగింది," అన్నాడు. "నాకు చెరుకు గడ కోసిస్తుంటే తెగింది. నేనే మారాం చేశాను."

ఆమె పక్కన కూర్చుని, హొసెఫీనా చెప్పినదంతా చెప్పింది.

"అన్న జన్మలో మేజోళ్ళు వేసుకోలేదు," అన్నాడు లోలో అంతా విని. "పెట్టెలో పడుకోబెట్టినప్పుడు వేశారు. ఎవరింట్లోనో అడిగి తెచ్చింది అమ్మ. ఎందుకమ్మా అంటే, చలేస్తుందిరా అంది. నేను అన్న పాదం పట్టుకున్నాను, ఆవిడ తొడిగింది. మడమ పైన చుట్టూరా గాడి. చర్మం ఒలిచేసినట్టు. చూడకురా, అంది. నేను చూశాను. మోసుకొచ్చేటప్పుడు కట్టి ఉంటారనుకున్నాను. ఎనభై ఏళ్ళు రాబోతున్నాయి, అలాగే అనుకుంటున్నాను." అతను మనవరాలి వైపు చూశాడు. "అస్వాంగ్‌కి తాడుతో పనేముందే?"

ఆ మధ్యాహ్నం ఇద్దరూ బాట చీలే చోటికి వెళ్ళారు. రియాలిన్ వద్దన్నా వినకుండా లోలో నడుముకి కత్తి కట్టుకున్నాడు. దివీనా, ఆమె అమ్మమ్మ అప్పటికే అక్కడున్నారు. వాళ్ళకెవరు చెప్పారో రియాలిన్ అడగలేదు. ఆ ఊళ్ళో పుట్టి, ఒకే బాటన తిరిగి, ముసలివాళ్ళయిపోయిన ఆ ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే మొదటిసారి.

"మీ అమ్మని అడిగాడటగా," అన్నాడు లోలో నేల చూపులు చూస్తూ. "విప్పమని."

"అడిగాడు."

"ఇంట్లోవాళ్ళం ఉండగా ఆవిణ్ణి అడగాల్సొచ్చింది."

లోలో బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కత్తి తియ్యలేదు. చేతులు రెండూ పైకి చాచాడు, తలకిందులుగా ఉన్న మనిషి కాళ్ళుండే ఎత్తుకి. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. అతని వేళ్ళు ముడి కోసం వెతికాయి. దొరికినట్టు ఆగాయి. గోళ్ళతో లాగాయి. తడిసి బిగుసుకున్న ముడి విప్పడం ఎంత కష్టమో రోజూ వలతో పనిచేసేవాడికి తెలుసు. అలాగే విప్పాడు, ఓపిగ్గా, పళ్ళు బిగించి. నుదుటి మీద చెమట పట్టింది. "ఉండు అన్నా," అన్నాడు ఒకసారి. "నొప్పెట్టిందా?" అన్నాడు ఇంకోసారి. దివీనా రియాలిన్ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరికీ తెలియలేదు ఎప్పుడు పట్టుకుందో.

ఉన్నట్టుండి ముసలాయన చేతులు బరువు మీద పడ్డట్టు కిందికి దిగాయి. అతను ముందుకి తూలి, దేన్నో నేల మీద దించినట్టు, మెల్లగా, మెల్లగా దించాడు. చుట్టూ రెల్లు అంతా ఒక్కసారి ఒకే వైపు వంగి, మళ్ళీ లేచింది. గాలి ఆడలేదు. అప్పుడు బురదలో, వాళ్ళ నలుగురి కళ్ళముందే, ఒక మడమ గుర్తు పడింది. తర్వాత రెండోది. నిండు పాదాలు, తడబడుతూ, కొండ వైపు. నాలుగైదు అడుగుల తర్వాత గడ్డిలోకి పోయాయి.

ఎవరూ వాటి వెంట వెళ్ళలేదు.

సోమవారం లోలో ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, టోపీ చేత పట్టుకుని బడికి వచ్చాడు. మకరాయిగ్ సార్ తన కుర్చీ ఇస్తే కూర్చోలేదు. క్లాసు ముందు నిలబడి, ఎక్కువ చెప్పలేదు. దయ్యాల మాట ఎత్తలేదు. "మా అన్న అన్సెల్మోని చంపింది మనుషులు. ఇస్కా మంత్రసాని. ఈ గదిలో ఉన్నవాళ్ళ తాతలూ అవ్వలూ సగంమంది పుట్టినప్పుడు పురుడు పోసింది ఆవిడే," అన్నాడు. డెన్సియో వాళ్ళ తాత పేరు కూడా చెప్పాడు. తర్వాత కొందరు తల్లిదండ్రులు వచ్చి, పాతవన్నీ ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకని హెడ్‌మిస్ట్రెస్‌తో గొడవ పెట్టుకున్నారు గానీ, అది ఆ వారం చివర్లో సంగతి. ఆ పూట దివీనా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె మొహంలో ఏముందో రియాలిన్‌కి అర్థం కాలేదు. సంతోషం మాత్రం కాదు.

సార్ ఏదో అనబోతుంటే, మధ్య వరసలోంచి ఒక చెయ్యి లేచింది. షైరా. ఆ ఏడే మనీలా నుంచి వచ్చి ఇక్కడ పిన్ని ఇంట్లో ఉంటున్న పిల్ల. జూన్ నుంచి ఆమె గొంతు క్లాసులో ఎవరూ సరిగ్గా విన్నది లేదు.

"సార్, ఇది పాత సంగతి కాకపోయినా చెప్పొచ్చా?"

"చెప్పమ్మా."

ఆమె లేచి నిలబడింది. "మనీలాలో మత్తు అమ్మేవాళ్ళంటూ రాత్రిళ్ళు మనుషుల్ని చంపి పడేస్తున్నారు కదా సార్, మా అన్నయ్యా అలాగే వంతెన కింద దొరికాడు. మొహానికి టేపు చుట్టి ఉంది. మెడలో అట్టముక్క కట్టారు. 'నేను మత్తు అమ్మేవాణ్ణి, నాలా అవకండి' అని రాసుంది. అది మా అన్నయ్య రాత కాదు సార్. వాడికి అంత గుండ్రంగా రాయడం రాదు." ఆమె బెంచీ అంచు పట్టుకుంది. "దినానికి మా వీధిలోవాళ్ళు ఎవరూ రాలేదు. అమ్మ వండిన నూడుల్సు అలాగే ఉండిపోయాయి. మేమే వారం రోజులు తిన్నాం. పేరు చెడిందని ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడు."

బయట నీళ్ళలో ఎవరో చిన్న తరగతి పిల్లలు కేకలు వేసుకుంటూ పోయారు.

లోలో బెంచీల మధ్యనుంచి నెమ్మదిగా నడిచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మీ అన్న పేరేంటమ్మా?" అని అడిగాడు.

"రోడెల్," అంది షైరా. "రోడెల్ బాల్టసార్. పంతొమ్మిదేళ్ళు."